నాయిస్ మీద నా ఉపన్యాసం

మా అమ్మాయి మొదటి ఉద్యోగం చేరకముందే ఊడింది. ఊడగొట్టినవాణ్ణి నేనే. ఎలా ఊడగొట్టానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

అప్పట్లో నేను అమలాపురంలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కోపం ముక్కు మీద ఉండేది, ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు నాలుక చివర ఉండేవి. ముక్కుకీ నాలుకకీ మధ్య దూరం ఎంతని?

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మా కీర్తనకి హైదరాబాదు కంపెనీవాళ్ల ఇంటర్వ్యూ. లాప్‌టాప్‌లోనే. మా ఇంట్లో సిగ్నల్ నిలబడేది మేడ మీద గది కిటికీ దగ్గర ఒక్కచోటే. సరిగ్గా ఆ కిటికీ కింద, గోడకి అవతల, వీర్రాజుగారి గృహప్రవేశం పందిరి. మస్కట్‌లో ఎండల్లో కష్టపడి సంపాదించిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు కదా, సంతోషం పట్టలేక ఊరంతా వినిపించేలా మైక్‌సెట్ పెట్టించారు. ఆ మోతకి మా వంటింట్లో గిన్నెలు గజగజా వణికాయి.

"నాన్నా, ఒక్క గంట ఆపమని అడగండి. మళ్లీ ఇలాంటి అవకాశం రాదు," అంది కీర్తన, ఏడవడమే తక్కువ.

"అడగడమేమిటి! వాళ్ల సంగతి తేలుస్తాను!"

మా ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఏవండీ, ఆపమని చెప్పి వెంటనే వచ్చేయండి. ఇంకేం మాట్లాడకండి."

చొక్కా గుండీలు పైవి కిందా కిందవి పైనా పెట్టుకుని, పళ్లు కొరుకుతూ పందిట్లోకి దూకాను.

"ఏమిటండీ ఈ రభస? ఇది ఊరనుకున్నారా, తీర్థమనుకున్నారా?"

"ఆయ్, రండి మాస్టారూ, రండి. కూర్చోండి," అన్నారు వీర్రాజుగారు, కుర్చీ తుడుస్తూ.

"కూర్చోడానికి రాలేదు! ముందు ఆ మైకు కట్టేయించండి!"

"ఆయ్. కట్టేయరా అబ్బాయ్."

టక్కున ఆగిపోయింది. ఇంత సులువుగా గెలిస్తే కోపం ఏం కావాలి, మీరే చెప్పండి? తెచ్చుకున్న కోపమంతా చేతిలో మిగిలిపోయింది. అప్పుడే ఇంటికి పోయి ఉంటే ఈ కథే లేదు.

ఈలోపు వీర్రాజుగారు రెండు చేతులూ జోడించారు.

"మాస్టారికి కోపం రావడం న్యాయమేనండి. మా ఆవిడా నేనూ వచ్చి బొట్టు పెట్టి పిలవాల్సింది. ఫోనులో పిలిచి ఊరుకున్నాం. పిలుపులో లోపం జరిగిపోయింది."

"పిలుపు గొడవ కాదండీ బాబూ! మోత గొడవ!"

"ఆయ్, తెలిసిందండి. పెద్ద మనసు మీది, పైకి చెప్పరు. ఆ శాలువా ఇలా తెండర్రా!"

మా కోనసీమలో మనిషి కోపంగా వస్తే కారణం అడగరు. మర్యాద తక్కువైందనుకుని, మరింత మర్యాద చేస్తారు. నేను అరిచినకొద్దీ శాలువా, గంధం, పూతరేకులు, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. చివరికి మైకు నా చేతికొచ్చింది.

"మాస్టారు రెండు ముక్కలు మాట్లాడితేనే భోజనాలు," అన్నారు వీర్రాజుగారు.

అక్కడే నా తెలివి గడ్డి తిన్నది. వీళ్లకి మోతంటే ఏమిటో మోత మీదే పాఠం చెప్పి బుద్ధి తెప్పిద్దామనుకున్నాను. మాట్లాడుతుంటే ఫోను మోగితే అసహ్యంగా ఉంటుందని సైలెంట్‌లో కూడా పెట్టాను.

"నాయిస్! అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని గర్జించాను. స్పీకరు పెట్టెలు నాకంటే గట్టిగా గర్జించాయి. "ఫ్రెంచి నుంచి! దానికి ముందు లాటిన్‌లో నాసియా నుంచి అని చాలామంది పండితులంటారు. నాసియా అంటే ఓడ ఎక్కినవాడికి కడుపులో తిప్పే వికారం! గ్రీకులో ఓడని నౌస్ అంటారు, మన నావకి దూరపు చుట్టం. ఓడలో వికారం, వికారం వల్ల గోల, గోల నుంచి తగాదా, తగాదా నుంచి మోత!"

"ఆయ్!" అంది పందిరంతా.

విస్తళ్ల ముందు ఆకలితో కూర్చున్నవాళ్లు, పాపం, మర్యాదకి అన్న ఆయ్ అది. నాకేమో అది ఇంకో గంటకి సరిపడా పెట్రోలు.

"కాదు, లాటిన్‌లోనే హాని అని అర్థమున్న మాట నుంచి పుట్టిందనే పక్షం కూడా ఉంది! ఆ పక్షాన్ని ఇప్పుడు చీల్చి చెండాడతాను!"

చెండాడుతుండగా మా ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి ముందు వరసలో నిలబడింది. కళ్లల్లో నీళ్లు. నా పాఠానికి కరిగిపోయిందనుకున్నాను.

"ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెబుతాను," అన్నాను.

"అన్నయ్యగారూ, ఆ తీగ పీకించండి!" అని అరిచింది మా ఆవిడ.

"మాస్టారు మాట్లాడుతుండగా పీకితే మర్యాద కాదు కదమ్మా," అన్నారు వీర్రాజుగారు, చేతులు నలుపుకుంటూ.

ఆవిడే వెళ్లి పీకింది. అప్పుడు చూశాను గోడ మీద గడియారం. నాలుగు ఎప్పుడో దాటిపోయింది.

శాలువా కప్పుకునే మేడ ఎక్కాను. కీర్తన లాప్‌టాప్ మూసేసి కూర్చుంది.

"ఏం అడిగారమ్మా?"

"ఏమీ అడగలేదు. ఎవరో పాఠం చెబుతున్నారు కదా, వినండి అని పెట్టేసేరు." లాప్‌టాప్‌ని పక్కకి తోసేసింది. "పాటలే నయం నాన్నా. పాటకీ పాటకీ మధ్య కాస్త ఖాళీ అయినా ఉంటుంది."

ఎవరి మీద అరవను? వీర్రాజుగారి మీద అరుద్దామంటే ఆయన భోజనం కారియర్‌లో పెట్టించుకుని గుమ్మంలో నిలబడ్డారు. నా మీద నేనే మండిపడ్డాను.

కొన్నాళ్లకి మరో కంపెనీ పిలిచింది. కీర్తన ఆ పూట బండారులంకలో వాళ్ల పిన్నిగారింటికి వెళ్లి కూర్చుంది, ఉద్యోగం తెచ్చుకుంది. నాకు అర్థం కాలేదు.

"మన వీధిలో ఆ రోజు ఏ ఫంక్షనూ లేదు కదమ్మా. అంత దూరం ఎందుకెళ్లావు?"

"మీరు ఇంట్లో ఉన్నారు కదా నాన్నా," అంది.

అందుచేత యావన్మంది పెద్దల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మైకు ఆపడానికైనా నేను వెళ్లను, మా ఆవిణ్ణే పంపిస్తాను.