కొట్టని కాయ

మా ప్యాకింగ్ సెక్షన్‌లో పగటిపూట నడిచే జనరల్ షిఫ్టులో ఒక్క చోటే ఖాళీ అయింది. అడిగినవాళ్లం ఇద్దరం: నేనూ, లక్డారం నుంచి వచ్చే అక్కా. "మీలో మీరే తేల్చుకోండ్రి" అని సూపర్‌వైజర్ చేతులు దులుపుకున్నాడు. సెకండ్ షిఫ్టు దిగి చిట్కుల్‌లోని కిరాయి గదికి చేరేసరికి రాత్రి పదకొండు అయ్యేది. అందాకా మా ఎనిమిదేళ్ల పిల్ల లోపల గొళ్లెం పెట్టుకుని ఒక్కతే కూర్చునేది. నాకు ఆ షిఫ్టు కావాలి, అంతే.

అష్టాచెమ్మాతో తేల్చుకుందామన్నది అక్కే. అక్కడే నాకు తిరకాసు కనిపించింది. డ్యూటీ ఎక్కేముందు అట్టముక్క మీద గళ్లు గీసి రోజూ ఆడేవాళ్లం. రోజూ ఆమే గెలిచేది. అందరూ ఆమె తెలివి అనేవాళ్లు. తెలివా, నా బొందా! నా అనుమానమంతా ఆమె పాచికలుగా అరగదీసి తెచ్చిన చింతగింజల మీదే. అందుకే ఈసారి నాలుగు గింజలు నేనే బండ మీద అరగదీసి తెచ్చాను.

"నీ గింజలే కానియ్యి తియ్యి" అని నవ్వింది. ఆ నవ్వూ నాకు నచ్చలేదు.

మా దగ్గర ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా కొట్టనిదే మన కాయ లోపలి గళ్లలోకి పోదు. అక్క నా కాయను ముందే కొట్టేసింది. నేనింకా కొట్టలేదు. ఇంటు గీసిన గడిలో ఉన్న కాయను కొట్టకూడదు. ఆమె కాయలెప్పుడూ అక్కడే భద్రంగా ఉండేవి. ఆ రోజు మాత్రం ఒకదాన్ని బయటికి తీసి, నా కాయకు సరిగ్గా రెండు గళ్ల ముందు నిలబెట్టింది. నాకు రెండే పడింది! కొట్టబోయి చెయ్యి ఆపాను. వెనక ఆమె ఇంకో కాయ పొంచి ఉంది. ఇంత ఆటగత్తె ఊరికే కాయ వదులుతుందా? ఇది ఎరే అనుకుని నా ఇంకో కాయ జరిపాను.

అక్క నా మొహంలోకి చూసి గింజలు అందుకుంది. ఆ తర్వాత నాకు మళ్లీ రెండు పడితే ఒట్టు. ఆమెకు మాత్రం చెమ్మా, ఆ వెంటనే అష్టా. చూస్తుండగానే ఆమె కాయలన్నీ పండాయి.

నల్లా దగ్గర ఆమెను పట్టుకున్నాను. "గింజలు నావేనాయె. ఏం చేసినవక్కా?"

"ఏం జేసిన? కొట్టుమని కాయను ముంగట వెడితి. ఎందుకు కొట్టలే?"

"షిఫ్టు నాకు ఇచ్చేదుంటే ఉత్తగనే ఇయ్యరాదా?"

"ఊకె ఇడిస్తే మా ఇంట్ల ఊకుంటరానే? ఓడిపోయిన అంటే ఎవ్వలేమంటరు? నీ బిడ్డ ఒక్కతే ఉంటదని జేసిన."

నాకు నా మీదే ఒళ్లు మండింది. సోమవారం నుంచి అక్క పొద్దుగూకక ముందే ఇంటికి పోసాగింది. నేను టీ బ్రేక్‌లో పిల్లకు ఫోన్ చేసి, గొళ్లెం పెట్టుకొమ్మని చెప్పాను.