నాన్న చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా నాన్నకు రెండు బతుకులుండేవి. కోర్టులో చూపించేది ఒకటి, బయట బతికేది ఒకటి. అమ్మతో విడిపోయాక నా పోషణకు డబ్బివ్వమని కోర్టు పిలిస్తే, తెగిన చెప్పులతో వచ్చి, ఉద్యోగం పోయింది, స్నేహితుల ఇళ్లలో తింటున్నాను అనేవాడు. అమ్మ కరోల్ బాగ్ దగ్గర ఓ ఆసుపత్రిలో నర్సు. ఆమె జీతం గది అద్దెకూ నా బడికీ చాలేది కాదు. ఈ వాయిదాలోనూ ఏమీ తేలకపోతే నన్ను బాపట్ల హాస్టల్‌కు పంపక తప్పదంది. అమ్మను వదిలి వెళ్లాలన్నది ఒక భయం. ఎవరికీ చెప్పని భయం ఇంకోటి ఉండేది. నాలో ఏదో లోటుంది కాబట్టే నాన్న పెట్టడం లేదేమోనని.

మా తెలుగు చర్చి పాస్టరమ్మగారికి ఆయన గుణం తెలుసు. కోర్టులో ఎంత దాచినా, పదిమందిలో గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే ఆగలేడు. అమ్మకు డ్యూటీ ఉన్న ఆదివారాలు చూసుకుని మరీ ఆరాధనకు వచ్చేవాడు. అలాంటి ఓ ఆదివారం ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఏడాది మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పండి, దేవుడిచ్చింది దాచుకుంటే ఉన్నదీ పోతుంది అన్నారు. నాన్న లేచాడు. ప్రభువు నాకు గుర్గావ్‌లో మేనేజరు ఉద్యోగం ఇచ్చాడు, కారు కూడా ఇచ్చాడు అంటూ గొంతు వణికించాడు. నన్ను చూశాడు. చూసి కూడా చెప్పాడు, ఏం మనిషో. అందరూ ఆమెన్ అన్నారు.

ఆ ఆమెన్ అన్నవాళ్లలో ఒక్కరూ కోర్టుకు రాలేదు. చర్చి మాట చర్చిలోనే ఉండాలట. సంఘపెద్దలు పాస్టరమ్మగారిని కూడా వెళ్లొద్దన్నారు. ఆవిడ వినలేదు. వాయిదా రోజు సాక్షి బోనులో నిలబడి, విన్నది విన్నట్టు చెప్పి, వచ్చీరాని హిందీలో జడ్జిగారితో అన్నారు: "సాబ్, ఈయన చర్చి మే ఝూఠ్ బోలా, యా ఇధర్ ఝూఠ్ బోలా? ఆప్ హీ పూఛియే." చర్చిలో అబద్ధమాడాడా, ఇక్కడ ఆడాడా, మీరే అడగండి అని.

జడ్జిగారు అడిగారు. నాన్న, చర్చిలో చెప్పిందే అబద్ధం సార్, పరువు కోసం అన్నాను అన్నాడు.

పాస్టరమ్మగారి మొహం పాలిపోయింది. ఆయన దేవుడి ముందు చెప్పిన మాటను కాదంటాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. రుజువులు తెమ్మని మళ్లీ వాయిదా వేశారు. అమ్మ ఏడవలేదు. బయటికొచ్చాక, హాస్టల్‌కు ఓ మందపాటి దుప్పటి కొనాలంది.

తిరుగు బస్సులో పాస్టరమ్మగారిని అడిగేశాను, నేనేం తప్పు చేశానని. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కున్నారు. "దేవుణ్ణే కాదన్న మనిషి నిన్ను కాదంటే, తప్పు నీదెట్టా అవుద్దే పిచ్చిదానా? ఎంగిలిచేత్తో కాకిని తోలడు ఆయన. అది ఆయన లోటు."

సంఘానికి తలవంపులు తెచ్చారని, ఆవిడ నడిపే స్త్రీల కూటాన్ని పెద్దలు వేరేవాళ్లకిచ్చేశారు. ఆవిడ ఆ మాట మాతో ఎన్నడూ అనలేదు.

నేను బాపట్ల వెళ్లాను. మొదటి రోజు వార్డెన్ మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే, "మేనేజరండీ, నాకు మాత్రం పెట్టడు" అన్నాను. అమ్మ ఉన్న ఊరికే తిరిగొచ్చి, ద్వారకలో కాపురముంటున్న ఈ వయసులోనూ ఎవరడిగినా అదే చెబుతాను. తల మాత్రం దించుకోను.