మడమ పట్టే పిల్ల

మా అమ్మాయిని నాలుగో రౌండు దాకా ఎవరూ పిలవలేదు. పిలవని నలుగురిలో వాళ్ళ నాన్న ఒకరు. ఇది జరిగి పది రోజులైంది. కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. అందుకే ఇంట్లో వాళ్ళు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో మా పేటలో వేసవి సెలవుల్లో ఆడపిల్లలకి కబడ్డీ శిక్షణ పెడతారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు నలభై మంది దాకా వస్తారు. నెల గడిచాక వాళ్ళని నాలుగు జట్లుగా చేసి పోటీలు పెడతారు. ఒక్కో జట్టుకి ఒక పెద్ద. ఆ నలుగురూ బల్ల దగ్గర కూర్చుని, వంతులవారీగా ఒక్కో రౌండులో ఒక్కో పిల్లని పిలుచుకుంటారు. పిల్లలు గుండెల మీద నంబరు కాగితం పిన్నుతో పెట్టుకుని ఎదురుగా బెంచీల మీద కూర్చుంటారు. పిలిచిన పిల్ల లేచి వెళ్ళిపోతుంది. పిలవని పిల్ల కూర్చునే ఉంటుంది. అది ఎంత క్రూరమైన పనో పెట్టినవాళ్ళకి తట్టలేదు.

ఈ ఏడు ఒక జట్టుకి మా వారు పెద్ద. ఆయన కాలేజీలో లెక్కల లెక్చరర్. నెల రోజులూ సాయంత్రం గ్రౌండుకి వెళ్ళి, ఏ పిల్ల ఎన్ని పాయింట్లు తెచ్చిందో ఫోనులో రాసుకుని, ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పట్టిక వేశారు. ఎంపిక రోజు పొద్దున ఉప్మా తింటూ కూడా ఆ పట్టికే చూస్తున్నారు.

"ఏవండీ, మొదట ఎవర్ని పిలుస్తున్నారు?" అన్నాను.

"ఆ పొడుగు పిల్లని. కూతకెళ్తే ఉత్త చేతుల్తో రాదు."

"రెండోది?"

"ఇంకో కూతపిల్ల."

"మూడోది?"

"ఇంకో కూతపిల్లే. దొరికితే."

"మరి పట్టేదెవరండీ? మీరా?"

ఆయన నవ్వారు. "కూతకెళ్ళే పిల్లలు తక్కువ. ముందే తీసుకోకపోతే పోతారు. పట్టేవాళ్ళంటావా, చివర్లో ఎవరైనా దొరుకుతారు. చివర్లో దొరికేదాన్ని ముందే ఎందుకు తీసుకోవాలి, చెప్పు?"

మా అమ్మాయి కార్నర్ ఆడుతుంది. కోర్టులో ఎడమవైపు చివర నిలబడి, కూతకొచ్చిన పిల్ల వెనక్కి తిరిగే క్షణం చూసి మడమ పట్టుకుంటుంది. నలభై మందిలో ఆ పని సరిగ్గా చేసే పిల్లలు ముగ్గురే ఉన్నారు. ఆ సంగతి ఆయన పట్టికలో లేదు. ఎందుకంటే ముందు మడమ పట్టిన పిల్ల పేరు ఎవరూ రాయరు. ఆ తర్వాత మీద పడి, లేచి చెయ్యెత్తిన పిల్లకి రాస్తారు.

ఆ మాటే అన్నాను. "రాయనిదాన్ని నేనెలా లెక్కేసేది?" అన్నారు.

"సొంత పిల్లని ముందే పిలిస్తే నలుగురూ ఏమైనా అంటారని కదా మీ భయం?"

"అబ్బే, అది కాదు. తను కార్నర్ కాబట్టి."

నలుగురికీ భయపడి పిలవలేదంటే క్షమించేదాన్నేమో. నిజంగానే అక్కర్లేదనుకున్నారు.

నేను పుట్టి పెరిగింది కొల్లేరు పక్క పల్లెలో. మా నాన్నగారు అక్కడి బడిలో మాస్టారు. ఎండాకాలం చేపల చెరువులు ఎండబెట్టినప్పుడు, ఆ అడుగున ఆడపిల్లలందరం కబడ్డీ ఆడేవాళ్ళం. నాకు మడమ పట్టడం నేర్పింది నాకంటే రెండేళ్ళు పెద్దదైన ఒక అమ్మాయి. వాళ్ళింట్లో అందరూ వల లాగేవాళ్ళే. "కొర్రమీనుని తోక పట్టుకుంటే చేతికి జిగురే మిగుల్తాది. తలకాయ కాడ పట్టాలి. మనిషికి తిరగేసి. పైనెక్కడ పట్టినా జారిపోద్ది, మడం కాడ పడితే ఆగిపోద్ది" అనేది.

అక్కడ జట్లు పంచుకోవడానికి ఉద్దులు పడేవాళ్ళం. సమానంగా ఆడే ఇద్దరు జంట కట్టి పక్కకెళ్ళి దొంగపేర్లు పెట్టుకునేవాళ్ళు. వెనక్కొచ్చి, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని జట్టు పెద్దల ముందు నిలబడి, "దోనె కావాలా, పడవ కావాలా?" అని అడగాలి. దోనె అంటే దోనె వెళ్ళిపోతుంది, పడవ అటు పోతుంది. దోనె ఎవరో పెద్దకి తెలీదు. కూతపిల్లకి కూతపిల్లే ఉద్ది, పట్టే పిల్లకి పట్టే పిల్లే ఉద్ది. అందుకని రెండు జట్లలోనూ అందరూ ఉండేవాళ్ళు. చివరిదాకా మిగిలిపోయిన పిల్ల ఉండేది కాదు. చదువుకోని పిల్లలు ఆడుకునే పద్ధతి అది. మా వారి పట్టిక కంటే దానికి బుద్ధి ఎక్కువ.

ఆ తేడా నాకు ఏలూరులో కాలేజీకెళ్ళాక తెలిసింది. జట్టుని ఎంపిక చేసే రోజు మా సార్ కూతకెళ్ళేవాళ్ళ పేర్లన్నీ చదివేసి, నా వైపు చూసి, "పట్టడానికి ఎవరైనా పర్లేదు, నువ్వు రా" అన్నారు. పన్నెండో పేరు నాది. రెండేళ్ళు ఆడాను. ఒకసారి మడమ పట్టినప్పుడు మరో కాలు మూతికి తగిలి ముందు పన్ను కొస విరిగింది. ఇప్పటికీ నవ్వేటప్పుడు పెదవి దగ్గరకి లాక్కుంటాను. నా కూతురు అదే మూలన నిలబడ్డప్పుడల్లా నా నాలుక ఆ పన్ను మీదకి పోతుంది. జాగ్రత్త, మొహం వెనక్కి పెట్టు, అని రోజూ చెప్తాను. నిజం చెప్పాలంటే, తనని ఎవరూ పిలవకపోతే బాగుండునని కూడా లోపల అనుకున్నాను. పిలవకపోయేసరికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండూ నేనే.

ఎంపిక రోజు నా పక్క కుర్చీలో బట్టల కొట్టువారి ఆవిడ కూర్చుంది. "మీ అమ్మాయి ఏం ఆడుతుందండీ?"

"కార్నరండీ."

"అంటే మూలనుంటుందా, పాపం!" అంది. "మాది కూతకెళ్తుందండీ. ఒక్కచోట నిలబడదు, ఏం చెప్పమంటారు."

వాళ్ళమ్మాయిని రెండో రౌండులో మా వారే పిలిచారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని సంబరపడింది. నేను కూడా నవ్వాను, పెదవి దగ్గరకి లాక్కుని.

మూడు రౌండ్లలో పన్నెండు మంది లేచి వెళ్ళిపోయారు. ఒక్కరు తప్ప అందరూ కూతపిల్లలే. మా అమ్మాయి నంబరు కాగితం కొస మడిచి విప్పి, మడిచి విప్పి, మెత్తగా చేసేసింది. వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసింది. ఆయన పట్టిక చూసుకుంటున్నారు. ఆ తర్వాత మళ్ళీ చూడలేదు.

నాలుగో రౌండులో హైస్కూలు డ్రిల్లు మేడమ్ లేచి మా అమ్మాయి నంబరు పిలిచారు. "ఇంతసేపు ఎవరూ అడగలేదేంటండీ ఈ పిల్లని? ఏదైనా లోపముందేమోనని భయమేసింది నాకు" అన్నారు బల్ల చుట్టూ చూసి. అందరూ నవ్వారు. మా వారు కూడా నవ్వారు.

బయటికొచ్చాక, "పోన్లే, ఎవరో ఒకరు పిలిచారు, తలనొప్పి వదిలింది" అన్నారు నాతో.

"ఎవరికండీ తలనొప్పి?"

గొంతు పెంచకుండా, అండీ వదలకుండా ఎంత కోపం చూపించవచ్చో మా వైపు ఆడవాళ్ళకి బాగా తెలుసు. మూడు రోజులు ఆయనతో అండీలే మాట్లాడాను. అన్నం పెట్టమంటారాండీ. మజ్జిగ పొయ్యమంటారాండీ.

ఎంపిక రోజు సాయంత్రం స్కూటరు మీద వస్తుంటే వెనక నుంచి మా అమ్మాయి, "అమ్మా, కూతకెళ్ళడం ఎన్ని రోజుల్లో వస్తుంది?" అంది.

"ఎందుకు?"

"కార్నర్ మానేస్తాను. కూతకెళ్ళేవాళ్ళని ముందు పిలుస్తారు."

మానెయ్యి అందామని నోటిదాకా వచ్చింది. మూతికి దెబ్బ తగలదు, నాకు నిద్ర పడుతుంది. పదేళ్ళ పిల్ల తనకి బాగా వచ్చిన ఒక్క పనీ వదిలేస్తానంటుంటే, నాకు కలిగింది ఊరట! అది తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. "ముందు ఈ ఆటలు అవనీ" అని మాత్రం అన్నాను.

మొదటి ఆటే మేడమ్ జట్టుకీ మా వారి జట్టుకీ పడింది. పొడుగు పిల్ల కూతకొచ్చింది. మా అమ్మాయి మడమ కోసం వంగింది, అందలేదు. రెండోసారి అందింది గానీ, ఆ పిల్ల మధ్యగీత దాకా ఈడ్చుకుపోయింది. మోకాలు గీరుకుపోయి ఎర్రగా కనిపించింది. నేను లేచి నిలబడ్డాను. అవతల మా వారు గీత దాటి రెండడుగులు లోపలికి వేసి, ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళారు.

"మూలనెవరైనా వేరేవాళ్ళని పెట్టండమ్మా" అని వెనక ఎవరో అరిచారు. మేడమ్ మార్చలేదు.

మా అమ్మాయి ఔటై మళ్ళీ లోపలికి వచ్చాక, మూడోసారి పొడుగు పిల్ల ధీమాగా వచ్చింది. కాలు చాపి, తాకి, వెనక్కి తిరగబోయింది. మా అమ్మాయి మొహం వెనక్కి పెట్టి, రెండు చేతులతో మడమ పట్టి కూలబడిపోయింది. నేను చెప్పిన జాగ్రత్తల్లో అదొక్కటే విన్నట్టుంది. పొడుగు పిల్ల ఒక్క కాలి మీద గెంతింది. అప్పుడు మిగతా నలుగురూ మీద పడ్డారు. ఈల వేశారు. అందరికంటే పైన పడ్డ బొద్దు పిల్ల లేచి చెయ్యెత్తింది. బల్ల దగ్గర పాయింట్లు రాస్తున్న పెద్దాయన ఆ పిల్ల నంబరే రాసుకున్నారు.

నాకు తెలీకుండానే బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

"ఏవండీ, ఆ పట్టు ఆ అమ్మాయిది కాదండీ. మడమ పట్టింది ఎడమ కార్నర్."

"పాయింటు జట్టుకే కదమ్మా. ఎవరి పేరైతే ఏముంది?"

"వచ్చే ఏడు ఈ కాగితాలు చూసే కదండీ పిల్లల్ని పిలుస్తారు. మీరు రాయకపోతే ఆ పిల్ల పట్టనట్టేనండీ."

"మీ అమ్మాయామ్మా?"

"అవునండీ. కాకపోయినా ఇదే అడగాలండీ. ఇన్నాళ్ళూ అడక్కపోవడం నా తప్పు."

ఇంతలో ఎవరో, "మాస్టారూ, మీ ఆవిడ మీ జట్టు మీదే పట్టు రాయిస్తున్నారండోయ్!" అని కేకేశారు. గ్రౌండంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెద్దాయన ఇంకా కలం పట్టుకుని ఆలోచిస్తూంటే అవతల నుంచి మా వారి గొంతు వినిపించింది. "ఆవిడ చెప్పింది నిజమేనండీ. రాయండి."

ఆయన బొద్దు పిల్ల నంబరు కొట్టేసి మా అమ్మాయిది రాశారు.

ఆట మా వారి జట్టే గెలిచింది, రెండు పాయింట్ల తేడాతో. పట్టిక ప్రకారం ఆయన ఎంపికే సరైనదని ఎవరైనా అనొచ్చు. ఆయన మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి మోకాలికి కొబ్బరినూనె, పసుపు కలిపి రాస్తుంటే ఆయన లాప్‌టాప్ తెరిచారు. పట్టికలో ఒక కొత్త కాలమ్ పెట్టి, పైన "మొదటి పట్టు" అని రాశారు. మా అమ్మాయి పేరు ఎదురుగా ఒకటి వేశారు. మిగతావాళ్ళందరి పేర్ల ఎదురుగా ఖాళీ. నెల రోజులపాటు మిగతా ఇద్దరు కార్నర్ పిల్లలూ పట్టినవన్నీ ఆ ఖాళీలో ఉన్నాయి. ఆయన దానివైపు చాలాసేపు చూశారు. చూడనీ అనుకున్నాను.

మా అమ్మాయి కాలు చాపుకునే అడిగింది. "నాన్నా, వచ్చే ఏడు నన్ను ఎన్నో రౌండులో పిలుస్తావు?"

"రెండో రౌండులో."

"సరిపోదు. మేడమ్ మొదటి రౌండులోనే పిలిచేస్తానన్నారు."

"అన్నారా?"

"అనలేదు. అంటారు."

"కూత నేర్చుకుంటానన్నావు కదే?" అన్నాను నేను.

"దానికేముందమ్మా," అంది పసుపు అంటిన వేలు గౌనుకి తుడుచుకుంటూ, "కూతకి ఎవరైనా దొరుకుతారు."