జీడిపిక్కల చేతి దెబ్బ

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదవండి.

నర్సీపట్నం వెళ్లే షేర్ ఆటోలో నలభైమందిమి ఉన్నాం. మెడ పట్టేస్తే, వేడి పుట్టించే మూలికల లేపనం సగం డబ్బా రాసేశాను. టీ కొట్లో నింపించుకున్న వేడినీళ్ల సీసా దానిమీద పెట్టుకోబోయాను. పక్కనున్న ముసలమ్మ నా చేతిమీద ఫెడీమని కొట్టింది! ముక్కూ మొహం తెలియని మనిషి! తెరిచిన నా నోరు దారిలో రోలుగుంట ఊరొచ్చేదాకా మూతపడలేదు.

"ఏటి బాబూ, మందే మండతాది, దానిమీద సీసా కూడానా? తోలు ఊడిపోద్ది!" అంటూ పొరలు లేచిన నల్లటి అరచేతులు చూపించింది. "జీడిపిక్కలు కొట్టి, తొక్కలోని జీడి రసానికి కాలిన సేతులివి. ఏ మందైనా ముందు మణికట్టుకి సుక్క రాసి సూసుకుంటాం. బేగి తుడిసీ!"

తుడిచేశాను.

ఇందులో కల్పించింది ఏదంటారా? నలభైమంది సంగతి వదిలేయండి. సీసా 'పెట్టుకోబోయాను' అన్నదే అబద్ధం. ఆమె కొట్టేసరికే పెట్టేశాను. మచ్చ ఇప్పటికీ కాలర్ కింద ఉంది.