మెయిన్ ఆపే ముందు

మొన్న పెళ్లికి బయల్దేరుతుంటే మా బావ గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి, "ఆపనా?" అని అడిగాడు. ఫ్రిజ్‌లో అక్క రుబ్బి పెట్టిన పిండి ఉంది, ఆపొద్దన్నాను. మామూలు ప్రశ్నే. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. కారు నందిగామ దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆయనది కిరాణా కొట్టు బుద్ధి. తొంభైల్లో జగ్గయ్యపేటలో కొట్టు అమ్మేసి, ముక్త్యాల రోడ్డులో లారీల్లో పరిచే రబ్బరు చాపల ఫ్యాక్టరీ పెట్టాడు గానీ, ఆ బుద్ధిని మాత్రం అమ్ముకోలేదు. కొట్టు కట్టేసేటప్పుడు షావుకారు తన చేత్తోనే మెయిన్ ఆపాలి, తాళం లాగి చూడాలి, చెయ్యి కళ్లకద్దుకోవాలి. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ అంతే. చిన్నప్పుడు పక్కనున్న బట్టల కొట్టు షార్ట్ సర్క్యూట్‌తో తగలబడటం చూశాడట. ఆ భయం నిజమైనదే, కాదనను.

కానీ మా ఫ్యాక్టరీలో చాపల్ని ఒత్తే ఇనప పలకలు వేడెక్కేది నూనెతో. ఒక పెట్టెలో కరెంటు కడ్డీలు నూనెను కాస్తాయి, పంపు దాన్ని గొట్టాల్లో తిప్పుతుంది. సాయంత్రం ముందు కడ్డీలు ఆపి, నూనె చల్లారేదాకా పంపు తిరగనివ్వాలి. పంపు కూడా ఆపేశామా, కడ్డీల చుట్టూ ఉన్న నూనె కదలక అక్కడే మాడుతుంది. అలా చెడిన నూనె మళ్లీ వేడెక్కితే లోపల ఆవిరి పుట్టి, ఏ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ చిమ్ముతుంది. ఈ ముక్క మెషీను బిగించిన ఇంజనీరు చెప్పాడు, అక్కడే పనిచేసే నేనూ చెప్పాను. ఆ పెట్టె చూసుకునే పెద్దాయన, మేమంతా బాబాయి అనేవాళ్లం, ఆయనైతే రోజూ చెప్పేవాడు. కడ్డీలు ఆపి, పంపు తిరుగుతుండగా సాయంత్రం నమాజుకి వెళ్లొచ్చేవాడు. వచ్చేసరికి బావ మెయిన్ ఆపేసి వెళ్లిపోయేవాడు, లోపల చీకటి, గేటుకి తాళం.

"ఆపే ముందు ఒక్క మాట అడగండి షావుకారు గారూ. 'ఆపనా' అంటే చాలు," అనేవాడు బాబాయి.

"కరెంటు పోయినప్పుడు ఆగట్లేదా ఏంటి?" అనేవాడు బావ.

"అది మన చేతుల్లో లేదండి. ఇది ఉంది కదా."

"సర్లే, రేపట్నుంచి చూద్దాం."

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. నేను గొంతు చించుకుంటే, "మీ తమ్ముడికి నేనంటే లెక్క లేదు" అని అక్కతో చెప్పేవాడు. బావమరిది ఉద్యోగమంటే ఇదీ. చివరికి 'బాబాయిని అడగండి' అని అట్టముక్క మీద రాసి మెయిన్ బోర్డుకి తగిలించాను. శుక్రవారం దానికీ కుంకుమ బొట్టు పెట్టి, ఆ పక్కనే చెయ్యి పెట్టి మెయిన్ ఆపాడు మహానుభావుడు.

ఒక ఉదయం నూనె వేడెక్కుతుండగా గొట్టం అతుకు విడిపోయింది. బాబాయి కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. విజయవాడ ఆసుపత్రిలో బావ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు, నిజం చెప్తున్నా. నెలల తర్వాత బాబాయి తిరిగొస్తే, తాళాలన్నీ ఆయనకే ఇచ్చేసి బావ మెయిన్ జోలికే పోవడం మానేశాడు. ఇక అడిగే అవసరమే రాలేదు. బాబాయి ఆ గుత్తిని ఎడమ చేత్తో పట్టుకునేవాడు, కుడి చేతి వేళ్లు పిడికిలి పట్టేవి కావు.

ఫ్యాక్టరీ మూసేశాం, బాబాయీ పోయాడు. పెళ్లి నుంచి తిరిగొస్తుంటే, "ఇప్పుడు ఆపే ముందు ప్రతిసారీ అడుగుతున్నా. మీ అక్కకి విసుగు" అన్నాడు బావ, నెమ్మదిగా. ఆ ఒక్క మాట ఆయన నోటికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. తీరా వచ్చేసరికి, "వద్దండి, ఇంకా వేడిగానే ఉంది" అని చెప్పాల్సిన మనిషి లేడు.