పొగమంచులో పడవ

"...అయితే ముందు ఆవిడ చచ్చిందో బతికిందో తేల్చవే!" అని పొడుగుపిల్ల పచ్చ అట్ట గైడును మంచం మీదికి విసిరింది.

"నా గైడులో శుభ్రంగా నదిలో మునిగి చచ్చింది. నీ గైడులో అవతలి ఊరెళ్లి బట్టలు కుట్టుకుంటూ బతికింది. మధ్యలో నా మీద ఎగురుతావేం?" అంది కళ్లద్దాల పిల్ల. "అక్కా, సోమవారం ఆ నవల మీద సెమినార్ నీదే కదా. ఆవిణ్ణి ఉంచుతావా, ముంచుతావా?"

హాస్టల్ గదిలో మూడో మంచం మీదున్న టీచరమ్మ కూర్చోలేక లేచింది. ఆమె వాళ్లిద్దరికంటే చాలా పెద్దది. ప్రైవేటు స్కూల్లో ఏళ్ల తరబడి చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పి విసిగిపోయింది. పెద్ద తరగతులు కావాలంటే ఎమ్మే చేసి రమ్మంది హెడ్ మిస్ట్రెస్. కూతుర్ని అత్తగారికి అప్పజెప్పి, సెలవు పెట్టి యూనివర్సిటీకి వచ్చింది. ఇన్నేళ్లు ఇంగ్లీషే కూడు పెట్టినా, ఒక్క ఇంగ్లీషు నవలైనా మొదటినుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు. క్లాసులో మిగతావాళ్లదీ అదే వరస. సెమినార్లో ఎవరేం చెబితే అందరూ అదే రాసుకుని, పరీక్షలో అదే దింపేస్తారు.

"ఏకంగా నవలేనా? గైడు కాదా?" అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు లైబ్రేరియన్.

పక్కన డిక్షనరీ పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఒకచోట కాలు నిలవలేదు. మెట్ల మీద కాసేపు, వరండాలో కాసేపు, బాత్రూం దగ్గర బకెట్ వరసలో నిలబడి కాసేపు. చివరికి వచ్చేసరికి, మొగుడితో పడలేని ఆ ఇల్లాలు తెల్లవారకముందే పడవెక్కింది. పడవ పొగమంచులోకి పోయింది. టీచరమ్మ పేజీ తిప్పింది. ఖాళీ కాగితం. ఎవరైనా చింపేశారేమోనని కుట్టు వెంబడి వేలు పెట్టి తడిమింది. ఏ పేజీ పోలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంతోటి దానికా ఇంత చదివించుకుంది!

పుస్తకం మూసినా ఆవిడ మాత్రం వదల్లేదు. పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది, వెళ్తూ వెళ్తూ ఆవిడ ఇంటికి తాళం వేసింది. బట్టలు పిండుతుంటే గుర్తొచ్చింది, కట్టుకున్న తిండి మూట గడపలోనే వదిలేసింది.

ఆదివారం ఫోనులో మొగుడికి కథంతా చెప్పింది. మోటార్లు బాగుచేసే మనిషి, కథలంటే గిట్టదు.

"ఎవరో ఏమైపోతే నీకెందుకు? పాసై రా."

"సరే లెండి."

ఫోన్ పెట్టేయబోయినవాడల్లా, "ఇంతకీ తాళంచెవి పట్టుకెళ్లిందా?" అన్నాడు.

"బొడ్లో దోపుకుని మరీ వెళ్లింది."

"చచ్చేదానికి తాళంచెవి దేనికి?"

"మరి తిండి మూట వదిలేసిందిగా!"

"అదీ నిజమే," అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం క్లాసుకు ముందే లెక్చరర్ గదికి వెళ్లింది. "సార్, ఆవిడ మునిగిపోయిందని మీరు చెప్పారు. పుస్తకంలో అలా లేదండీ."

"బతికిందని ఉందా?"

"అదీ లేదండీ."

ఆయన కళ్లు నులుముకున్నాడు. పగలు ఇక్కడ, సాయంత్రం ఇంకో కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. "చూడమ్మా, నేను చదివి చాలా ఏళ్లయింది. పేపర్లు దిద్దేవాడు గుట్టలు ముందేసుకుని దిద్దుతాడు. మునిగింది అంటే మార్కులు పడతాయి. తెలీదు అంటే సున్నా. నువ్వు చెప్పిందే క్లాసంతా రాస్తుంది. పైగా నీకు పోయిన ఇంటర్నల్స్‌లోనే అంతంతమాత్రం. ఈసారీ పోతే ఏడాది పోయినట్టే."

"స్కూలువాళ్లు అన్నాళ్లు ఆగరండీ."

"అందుకే చెబుతున్నా. నీ మంచికే."

క్లాసులో ఆయన వెనక బెంచీలో, మార్కులు వేసే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బెంచీల మీద పచ్చ గైడ్లు, నీలం గైడ్లు తెరిచి ఉన్నాయి. పెన్నులు సిద్ధంగా ఉన్నాయి. "కానియ్ అక్కా," అని కళ్లద్దాల పిల్ల గుసగుసలాడింది. టీచరమ్మ లైబ్రరీ పుస్తకం తీసి చివరి పేజీ దగ్గర తెరిచింది.

"సార్, ఆవిడ చచ్చిందనీ చెప్పను, బతికిందనీ చెప్పను. చివరి పేజీ పైకి చదువుతాను, ఎవరికేమనిపిస్తే వాళ్లు రాసుకుంటారు," అంది.