కోట కింద పొయ్యి

మా క్యాంటీన్ మామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నాతో పాటు ప్యాకింగ్‌లో పనిచేసిన పాత మిత్రుడు. "మామ పోయిండురా. చాయ్ తాగి అరుగు మీద కూసున్నడట, గట్లనే ఒరిగిండట" అన్నాడు. మా అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. చెప్పాను. చేతిలో ఉన్న కాయ తుంచడం పూర్తి చేసి, "పోదాం పా. చీర మార్చుకుంట" అంది.

ఆయన మాకు చుట్టం కాదు. పటాన్‌చెరులో నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మనిషి. నాన్న పోయాక అమ్మ మా పల్లె విడిచి నా దగ్గరికి వచ్చింది. ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆయన "అక్కా, మంచిగున్నవా" అన్నాడు. దాంతో నాకు మామ అయ్యాడు. నన్ను చూసి మిగతావాళ్లూ మామ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు మేనేజరు కూడా అదే మాట అనేవాడు.

పూటకు మూడు వందల మందికి వండేవాడు. బియ్యం బకెట్లతో కొలిచేవాడు, ఉప్పు దోసిలితో. ఆయన గంటె నా చెయ్యి కంటే పొడుగు. మా ఫ్యాక్టరీ సైరన్ రెండుసార్లు మోగేది. మొదటిది మోగితే గేటు వైపు నడవాలి, రెండోది మోగేసరికి లోపల ఉండాలి. మామ క్యాంటీన్‌లో కూడా అదే పద్ధతి పెట్టాడు. గంటెతో తాంబాళం మీద ఒక దెబ్బ కొడితే చేతులు కడుక్కోవాలి. రెండో దెబ్బకు వరుసలో ఉండాలి. కొత్తగా చేరిన ఒకతను, "రెండో దెబ్బకు గూడ రాకుంటే ఏంది మామా?" అని అడిగాడు. "ఏం లేదు. రేపొచ్చి తిను" అన్నాడు. అయినా ఆలస్యంగా వచ్చినవాళ్లకు గిన్నె అడుగున ఎప్పుడూ కొంత ఉంచేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

ఊర్లు తిరగడం మాకు ఆయన నేర్పిందే. ఎనభైల చివర్లో మాలాంటి వాళ్లకు ప్రయాణమంటే పెళ్లికి పోవడం, చావుకు పోవడం, మొక్కు తీర్చుకోవడం. ఊరికే ఒక కోట చూడటానికి పోతారని మాకు తెలియదు. ఫ్యాక్టరీకి రెండు మూడు రోజులు వరుసగా సెలవు వస్తే మామ ఇంట్లో ఉండేవాడు కాదు. మా కిరాయి గదుల వరుసలో ఉన్న కుటుంబాలను పోగుచేసి, డీసీఎం వ్యాను మాట్లాడి, అన్నం వండే గంజులు, కట్టెలు, టార్పాలిన్ ఎక్కించేవాడు. పోయిన ఊళ్లో రెండు గదులు కిరాయికి తీసుకునేవాళ్లం. హోటల్ గడప తొక్కేవాళ్లం కాదు. ఏ ఇంటి బియ్యం ఆ ఇంటివాళ్లు తెస్తే, అన్నీ కలిపి ఒకే పొయ్యి మీద వంట. జాతర ఉన్న రోజులు చూసుకుని పోయేవాళ్లం. కోట ఎప్పుడైనా ఉంటుంది, జాతర ఉంటే ఆ ఊరివాళ్లు ఎట్లా ఉంటారో కనిపిస్తుందని ఆయన అనేవాడు.

ఒక్కటే షరతు పెట్టాడు. వంట మగవాళ్లే చేయాలి. ఆడవాళ్లు పొయ్యి వైపు రావద్దు.

ఆ మాట విని మా వరుసలో ఆడవాళ్లు వారం రోజులు నవ్వుకున్నారు. "మీరు వండితే మేం తిని బతికొస్తమా?" అని మా ఇంటావిడ ఆయన ముందే అంది. బతకమేమోనని ఒక డబ్బా నిండా జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం బట్టల కింద దాచి తెచ్చింది కూడా.

నేను ఊరుకోలేక, "గిదేం షరతు మామా, మాకు ఉల్లిగడ్డ కొయ్యరాదు" అన్నాను.

"నీకు వారానికొక రోజు సెలవున్నది. నాకున్నది. మీ అమ్మకు ఏ రోజున్నదో చెప్పు" అన్నాడు.

ఆ వారమే ఇంట్లో ఉల్లిగడ్డ కొయ్యడం మొదలుపెట్టాను.

మొదటి ప్రయాణం మెదక్‌కు. శివరాత్రి నాడు ఏడుపాయల జాతర, మర్నాడు కోట. మాతో పాటు ప్యాకింగ్‌లో పనిచేసే క్రైస్తవ కుటుంబం ఒకటి ఉంది. వాళ్లకు చర్చి చూడాలని ఉండేది. ఎవరికి కావలసింది వాళ్లకు దొరుకుతుందని మామ ఆ ఊరు ఎంచాడు.

అమ్మకు మాత్రం కోట కావాలి. ఆమె పుట్టిన పల్లె మెదక్ పక్కనే. "నాట్లేసేటప్పుడు నడుమెత్తితే కోటే కనవడ్తుండె. కోట మీదికెళ్లి సూస్తే మా మడికట్టు ఎట్ల కనవడ్తదో ఒక్కసారి సూడాలె" అంది, బయల్దేరే ముందు రోజు. చిన్నప్పటి నుంచి ఏటా జాతరకు బండి మీద పోయేవాళ్లట. తిరిగొస్తూ కోట కింద బండ్లు విడిచేవాళ్లు. మగపిల్లలు పైకి ఎక్కేవాళ్లు, ఆడపిల్లలు కింద పొయ్యి దగ్గర. పెళ్లయ్యాక కూడా అంతే జరిగింది. కోట కింద ఎన్ని పొయ్యిలు పెట్టిందో లెక్క లేదు గానీ మొదటి దర్వాజా కూడా దాటలేదు. ఈసారి పొయ్యితో పని లేదు కదా అని చెప్పులకు కొత్త పట్టీ వేయించుకుంది.

కోట దగ్గరికి పోయిన రోజు మామ పొరపాటు చేశాడు. అలాంటి పొరపాటు క్యాంటీన్‌లో బతికిన మనిషే చేయగలడు. మా గుంపు పిల్లలతో కలిపి ఇరవై రెండు మంది. ముందు రోజు శివరాత్రి ఉపవాసం, అందుకని రెండు రోజుల కోసం ఇంటింటి నుంచి తెచ్చిన బియ్యం మొత్తం ఇంకా గోనెసంచిలోనే ఉంది. సంచి విప్పి చూస్తే అది ఆయన కంటికి ఏమీ అనిపించలేదు. మూడు వందల మంది బియ్యానికి అలవాటుపడిన కన్ను. "గింతేనా తెచ్చింది?" అని గొణిగి మొత్తం ఒక్కపూటకే పోశాడు. ఉల్లిగడ్డలతో కుస్తీ పడుతున్న మేం ఎవరం చూడలేదు.

అన్నం పొంగి మూత లేచింది. ఒక గంజులోంచి ఇంకో గంజులోకి తీశాం, అదీ నిండింది. చివరికి టార్పాలిన్ మీద తెల్లబట్ట పరిచి పోయవలసి వచ్చింది. మోకాలెత్తు కుప్ప అయింది. మామ గంటె పట్టుకుని దాని వైపు కాసేపు చూశాడు.

"జెర ఎక్కువైంది" అన్నాడు.

"జెరనా తమ్మీ?" అంది అమ్మ.

అన్నం పారేయడం ఆయనకు తెలియదు. రోడ్డు మీదికి పోయి జాతర నుంచి తిరిగిపోతున్న బండ్లను ఆపాడు. కోట కావలి మనిషిని, చెప్పులు కుట్టే ముసలాయనను, బస్సు కోసం నిలబడినవాళ్లను అందరినీ పిలిచాడు. జనం వస్తూనే ఉన్నారు. పప్పు చాలలేదు, మళ్లీ పెట్టాం. మా ఇంటావిడ జొన్నరొట్టెల డబ్బా కూడా బయటికి వచ్చింది. వడ్డించడం మగవాళ్ల వల్ల కాలేదు. అప్పటికే కోట మొదటి మెట్ల దాకా పోయిన ఆడవాళ్లు వెనక్కి తిరిగి వచ్చారు. ముందు వచ్చింది అమ్మే. కొంగు నడుముకు చుట్టి బుట్ట పట్టుకుంది. చివరి బంతి లేచేసరికి ఎండ వాలిపోయింది, డ్రైవరు తొందరపెడుతున్నాడు. అమ్మ ఒకసారి పైకి చూసి, టార్పాలిన్ మడతపెట్టింది.

ఆ సంగతి మాకు ఏళ్ల తరబడి నవ్వుకునే కథ అయింది. మామ జాతర అని పేరు పెట్టుకున్నాం. ఆయన కూడా నవ్వేవాడు. ఆ తర్వాత ప్రయాణాలకు ఆయన భార్యే ప్రతి పూటకూ బియ్యం కొలిచి వేరువేరు మూటలు కట్టి ఇచ్చేది. అమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. నేనూ మరిచిపోయాను.

ఝరాసంగం జాతరకు పోయాం. కల్పగూరు గుడి చూసి, మంజీర ఒడ్డున వండుకుని తిన్నాం. ఏ పాత కట్టడానికి పోయినా మామ అడిగేది ఒక్కటే. రాజు ఎక్కడ కూర్చున్నాడు, రాణి ఎక్కడ స్నానం చేసింది అనేవి ఆయనకు పట్టేవి కావు. బీదర్ కోటలో దారి చూపే పెద్దమనిషి ఫిరంగుల గురించి చెబుతుంటే మధ్యలో, "బావర్చీఖానా కిధర్ హై భాయ్?" అన్నాడు. ఆ మనిషి నవ్వి, ఇన్నేళ్లలో అది అడిగిన మొదటివాడివి నువ్వేనని చెప్పి తీసుకుపోయాడు. వంటశాల అని చూపించిన చోట మామ గోడలను తడిమి చూశాడు. పొగ ఎటు పోయేదో తల ఎత్తి వెతికాడు. "ఇంతమంది ఫౌజుకు వండినోడు ఎవడో గని, వాని పేరు ఎవ్వడు రాయలే" అన్నాడు. కోపంగా కాదు, తోటి పనివాడి గురించి మాట్లాడినట్టు.

అక్కడే నీడలో కూర్చున్నప్పుడు అమ్మను అడిగాడు. "అక్కా, ఏది మంచిగున్నది? ఇదా, మెదక్ కోటనా?"

"మెదక్‌ది నేను సూడలే తమ్మీ."

"అందరం పోయినం గద?"

"నేను కిందనే ఉంటి."

"నా అన్నమే ఆపింది గదా నిన్ను" అన్నాడు మామ.

"అన్నమేం జేస్తది? వడ్డించెటోళ్లు లేకుండిరి" అంది అమ్మ, చీర మీది దుమ్ము దులుపుకుంటూ.

ఆ తర్వాత ఏం జరిగిందో మాకు ఆయన భార్య చెప్పింది. బీదర్ నుంచి వచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇంటి పొయ్యి దగ్గర కూర్చునేవాడట. "ఇద్దరికి ఎన్ని సోలలు బియ్యం పోస్తవు?" అని ఆమెను అడిగాడట. ఇద్దరికి వండాడు, తర్వాత ఐదుగురికి, తర్వాత పదిమందికి. మిగిలిన అన్నం మర్నాడు తానే తినేవాడు. "ఇరవయ్యేండ్ల సంది వండుతున్నోడు సోల వట్టుకొని కూసుంటే నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలే" అంది ఆమె. పనిలో పేరున్న మనిషి, ఆ వయసులో, చేతకాదని ఒప్పుకుని భార్య దగ్గర మొదటి నుంచి నేర్చుకోవడం నేను మరొకరిలో చూడలేదు.

మరుసటి శీతాకాలం మళ్లీ మెదక్ పోయాం. క్రిస్మస్ మర్నాడు. చర్చి దగ్గర ఇంకా జనం తగ్గలేదు. మా క్రైస్తవ మిత్రుడి కుటుంబం ప్రార్థన ముగించుకుని వచ్చి మాతో కలిసింది. మామ ఈసారి మూటలు తేలేదు. సంచి, సోల తెచ్చాడు. తలలు లెక్కపెట్టి, సోల అంచుకు వేలితో గీసి మరీ కొలిచి పోశాడు. ఆడవాళ్లు కోట ఎక్కారు. అమ్మకు అప్పటికే మోకాళ్ల నొప్పి. "మెల్లగ పో అక్కా, ఇయ్యాల నీకు డ్యూటీ లేదు" అని మామ కేకేసి చెప్పాడు.

నేను కింద ఉల్లిగడ్డలు కోస్తున్నాను కాబట్టి అమ్మ ఎలా ఎక్కిందో చూడలేదు.

అన్నం సరిగ్గా ఇరవై రెండు మందికి అయింది. పచ్చిపులుసు, పప్పు, కోడికూర. మామ తాంబాళం మీద ఒక దెబ్బ కొట్టాడు. ఆ చప్పుడు రాళ్లకు తగిలి పైకి పోయింది. ఒక్కొక్కరే దిగి వచ్చారు. అమ్మ రాలేదు. "అత్తమ్మ బురుజు కాడ కూసున్నది. మీరు నడువుండ్రి, వస్త అన్నది" అని మా ఇంటావిడ చెప్పింది. తల ఎత్తి చూస్తే ఆకాశం అంచున ఆమె ఆకుపచ్చ చీర కనిపించింది.

రెండో దెబ్బ కొడదామని నేను గంటె తీసుకున్నాను. మామ నా చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు.

"కొట్టకు అల్లుడా. కూసోనియ్."

అందరికీ వడ్డించాడు. అమ్మ వాటా ఒక ఇస్తారి ఆకులో పెట్టి, ఇంకొక ఇస్తారితో మూశాడు. తాను తినలేదు. మేం తిని, గంజులు కడిగి వ్యానులో పెట్టాక అమ్మ మెల్లగా దిగి వచ్చింది. "సల్లగైంది గని మంచిగున్నది తమ్మీ" అంటూ తింది. అప్పుడు ఆయన కూడా తిన్నాడు. పైన ఏం కనిపించిందని నేను అడిగితే, "చెరువు కనవడ్డది" అంది. అంతే.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. మా గదుల వరుస ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు వచ్చాయి. మొన్న మేం పోయేసరికి మామ వాకిట్లో పాత పనివాళ్లు చాలామంది ఉన్నారు. తలుపు వెనక గోడకు ఆ గంటె వేలాడుతోంది. పక్కన మేకుకు సోల. ఆయన భార్య అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

తిరిగి వస్తూ ఆటోలో అమ్మకు చెప్పాను, ఇన్నేళ్లూ చెప్పని సంగతి. "ఆ రోజు రెండో దెబ్బ నేను కొడ్తనంటే మామ కొట్టనియ్యలేదమ్మా. గంటె గుంజుకున్నడు."

అమ్మ బయటికి చూస్తూ ఉంది. ఆటో ఇంద్రేశం ఊరు దాటాక అంది. "మొదటిది విన్న. రెండోది కొడ్తె దిగుదామని కూసున్న."

ఆ రోజు కోట కింద, నాలుగు బండల మధ్య ఆరిపోతున్న పొయ్యి. పక్కన మూసిన ఇస్తారి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి. మామ గొంతుక్కూర్చుని, గంటె మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, పైకి చూస్తున్నాడు. ఆకు అంచు లేచినప్పుడల్లా వేలితో నొక్కుతున్నాడు.